నాలుగు దగ్గర ఆగిన అంకె

వాన ఆగిందని ఇంట్లో ఎవరైనా చెబితే మా ఆయన ఊరుకునేవాడు కాదు. లేచి వాకిట్లోకి వెళ్లి చెయ్యి చాపేవాడు. అరచేయి తడవలేదని తేలాకే లోపలికి వచ్చి కూర్చునేవాడు. పాలు ఇంకా పొంగలేదంటే వెళ్లి గిన్నెలోకి తొంగి చూసేవాడు. నిర్మల్ బస్సు వెళ్లిపోయిందంటే స్టాండు దాకా పోయి, బస్సు లేని జాగా చూసి తిరిగి వచ్చేవాడు.

"నా మాట మీద నమ్మకం లేదా మీకు?" అని కోప్పడితే, "నీ మాట మీద ఉంది టీచరమ్మా. నా మీదనే లేదు" అనేవాడు.

ఆ అలవాటు చివరి నాలుగైదేళ్లది. అంతకుముందు ఆయన అలాంటి మనిషి కాదు. ఇతరులు చెప్పింది నమ్మేవాడు, తాను చేసింది ఇంకా ఎక్కువ నమ్మేవాడు.

ఆయన పేరు దేవసహాయం. సొంతూరు ఇచ్చోడకు కాస్త లోపల ఒక పల్లె. తండ్రి పౌలు కౌలుకు జొన్న, పత్తి వేసేవాడు, ఆదివారం మెథడిస్టు గుడిలో గంట కొట్టేవాడు. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడితే, పిల్లవాడు ఊరికే తిరగకుండా ఇచ్చోడలో రేడియోలు బాగుచేసే దుకాణం అరుగు మీద కూర్చోబెట్టారు. ఆ ఏడాది చదువు పోయింది కానీ చేతికి సోల్డరింగు వచ్చింది. తర్వాత పాలిటెక్నిక్ చదివాడు. నన్ను పెళ్లి చేసుకునేనాటికి కరీంనగర్‌లో రామకిషన్‌రావు గారి వర్క్‌షాపులో పనిచేస్తున్నాడు. నేను బాలికల బడిలో తెలుగు చెప్పేదాన్ని.

రావుగారిది పాత భూస్వాముల కుటుంబం. వ్యవసాయం తమ్ముళ్లకు వదిలేసి, రెండు గదుల్లో చిన్న చిన్న యంత్రాలు తయారు చేయించేవారు. మోటారు స్టార్టర్లు, ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో చూపే మీటర్లు. మా ఆయన బోర్డులు కట్టేవాడు, వాటి లోపల నడిచే ప్రోగ్రాములూ రాసేవాడు. ఆ రోజుల్లో కరీంనగర్‌లో ఆ పని చేసేవాళ్లు ఎవరున్నారో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. అడగడానికి మనిషి లేక హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న లావుపాటి ఇంగ్లీషు మాన్యువల్‌నే అడిగేవాడు.

రేగుల్‌గూడ అనే ఊరి దగ్గర పెట్టిన డబ్బాలు ఆయన చేసినవే. ఆ ఊరికి వెళ్లే దారిలో ఏనుగువాగు మీద ఒక లోలెవల్ వంతెన ఉంది. కొండల్లో వాన పడితే వంతెన మీదుగా నీళ్లు పారతాయి. అప్పుడు చౌకీదారు గేటు దించి బండ్లను, మనుషులను ఆపాలి. వాగుకు ఎగువన ఒక డబ్బా పెట్టారు. నీళ్ల మీద తేలే బంతిని బట్టి అక్కడ ఎన్ని అడుగుల నీళ్లున్నాయో అది చెబుతుంది. ఆ అంకె తీగ మీదుగా వంతెన దగ్గరి రెండో డబ్బాకు వస్తుంది. ఎర్ర దీపాల అంకె అద్దంలో కనిపిస్తుంది. ఆరు దాటితే గంట మోగుతుంది, గేటు దించాలి. ఎగువ నీళ్లు కిందికి చేరేలోగా మనిషికి కాస్త వ్యవధి దొరుకుతుందని ఏర్పాటు.

చౌకీదారు పేరు భూమన్న. డబ్బా రాకముందు అతను మెట్లు దిగి, వంతెన పక్కన వాగులో పాతిన గీతల రాయిని చేత్తో తడిమి, తడి ఎంతవరకు ఎక్కిందో చూసేవాడు. నీళ్లను కళ్లకద్దుకుని "గంగవ్వా, జర నిదానం" అని, అప్పుడు పైకి వచ్చి గేటు సంగతి చూసేవాడు. డబ్బా బిగించిన రోజు కూడా అలాగే దిగబోతే మా ఆయన ఆపాడట. ఇంటికొచ్చి ఆ మాట నాకు నవ్వుతూ చెప్పాడు.

"సారూ, రాయిని ముట్టకుంటె నాకు మనసున పట్టది అన్నడు. నేనన్న, నీ కండ్లకు, చేతులకు పొరపాటుంటది భూమన్నా, దీనికుండది. మెట్లు దిగి కాలు జారినవంటె నీ పెండ్లాం నన్ను తంతది. ఇగ దిగకు, అంకె సూసుకో చాలన్న."

"మరి ఏమన్నడు?"

"మా కొమురవ్వ తంటె ఒక్క దెబ్బతోని ఆగది సారూ అన్నడు."

ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు వానాకాలాలు డబ్బాలు మంచిగా నడిచాయి. భూమన్న మెట్లు దిగడం మానేశాడు. తర్వాత వాటిలో వాడిన రకం ప్రాసెసర్ బజారులో దొరకడం ఆగిపోయింది. పిడుగు పడి పాత బోర్డులు కాలిపోయేసరికి రావుగారు కొత్త రకం తెప్పించారు. అది పాతదానికన్నా వేగమైనది. మా ఆయన కొత్త బోర్డు కట్టి, పాత ప్రోగ్రామునే అందులోకి ఎక్కించి పంపాడు.

ఆ ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం, ఇంకా వెలుగు ఉండగానే, రాయమల్లు అనే రైతు ఎరువు బస్తాలతో వంతెన మీదికి బండి తోలాడు. గేటు ఎత్తే ఉంది. బండి సగం దూరం పోయేసరికి నీళ్లు వచ్చి పడ్డాయి. రాయమల్లు తుమ్మచెట్టు పట్టుకుని బతికాడు, కాలు విరిగింది. ఎడ్లు రెండూ కొట్టుకుపోయాయి. భూమన్న తాగి పడుకున్నాడని ఊరంతా అంది. వంతెన కాంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేశాడు.

మర్నాడే రావుగారు, మా ఆయన జీపులో వెళ్లారు. వాన వెలిసింది. డబ్బా అంకె సరిగ్గా చూపిస్తోంది. రావుగారు రెండుసార్లు బంతిని కిందికి పైకి ఆడించి చూసి, "డబ్బ మంచిగనే ఉన్నది. మనిషిదే తప్పు" అన్నారట. మా ఆయన డబ్బా మూత బిగించి జీపెక్కాడు.

ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు.

"తింటలేరేంది?"

"జూన్‌ల ఒక్కసారి అంకె ఆగింది దెబోరా. వర్క్‌షాపుల, బల్ల మీద. నా కండ్ల ముందటనే."

నన్ను పేరు పెట్టి పిలిచాడంటే నవ్వులాట కాదని నాకు తెలుసు.

ఆగినప్పుడు లోపల ఏం జరుగుతోందో చూడాలని, వచ్చిన ప్రతి అంకెనూ కంప్యూటర్ తెర మీద కూడా రాయమని ప్రోగ్రాములో ఒక వరుస చేర్చాడట. అంతే, అంకె ఆగడం మానేసింది. వరుస తీసేసి ఒకటి రెండుసార్లు చూశాడు, అప్పుడూ బాగానే నడిచింది. తీగ వదులై ఉంటుందని మళ్లీ సోల్డరు పెట్టాడు. వానలు దగ్గరికొచ్చాయి, రావుగారు తొందర పెడుతున్నారు, పంపేశాడు.

"అది తీగెనే అయి ఉండొచ్చుగద" అన్నాను.

"అయి ఉండొచ్చు. నేను సూడలే. సూసినట్టు అనుకున్న."

ఆ రోజు నుంచి దసరా దాకా మా ముందు గదిలో రెండు డబ్బాలు, వాటి మధ్య తీగ, గోడ మీద అంకెల గీతలు, వాటి పక్కన కట్టిన బంతి. బడి నుంచి వచ్చేసరికి ఆ బంతిని ఎత్తుతూ దించుతూ కనిపించేవాడు. మెల్లగా ఎత్తితే అంకె సరిగ్గా మారేది. పక్కింటి కొమ్ము శంకరవ్వ కిటికీలోంచి చూసి, "ఏందమ్మా, మీ ఆయన ఊయల ఊపుతుండు, ఇంట్ల విశేషమా?" అని నన్ను ఆటపట్టించింది. నేను నవ్వాను. ఆయన వినలేదు.

ఒకరోజు బంతిని ఉన్నట్టుండి పైకి లాగి అలాగే పట్టుకున్నాడు. అద్దంలో నాలుగు. బంతి తొమ్మిది దగ్గర ఉంది. తీగ లాగి చూశాడు, గట్టిగానే ఉంది. మళ్లీ తెర మీద రాయమనే ఆ వరుస చేర్చాడు. తొమ్మిది వచ్చింది. తీసేశాడు. నాలుగు.

"సూడబోతె తప్పు మాయమైతుంది" అన్నాడు. "సూడకుంటె ఉంటుంది. దొంగ గాదిది, నాసొంటిదే, సూసెటోని ముందట మంచిగ నడుస్తది."

వెతకడానికి వాడే పనిముట్టే తప్పును దాచేస్తోందని అప్పటికి గుర్తుపట్టాడు. అందుకని తెర మీద రాయించడం మానేసి, బోర్డు మూలన ఒక చిన్న దీపం అతికించాడు. తీగ మీద కొత్త అంకె వచ్చినప్పుడల్లా అది మిణుకుమనాలి, ఇంకే పనీ చేయకూడదు. బంతిని లాగాడు. దీపం టకటకా మెరుస్తూనే ఉంది. అంటే కొత్త అంకెలు వస్తున్నాయి. అద్దంలో మాత్రం నాలుగు కదలలేదు. వచ్చింది వచ్చినట్టే ఉంది, చదివేవాడే చదవడం లేదు.

ఆ సాయంత్రం మాన్యువల్‌లో తాను దాటేసిన అధ్యాయం తెరిచాడు. మర్నాడు టీ తాగుతూ నాకు చెప్పాడు.

"మీ బడిల నోటీసు బోర్డు మీద టైంటేబుల్ పెడ్తరు గద. ఒక పిల్ల దాన్ని కాయితం మీద రాసుకొని సంచిల పెట్టుకుంటది. మాటిమాటికి బోర్డు దాక ఎందుకు పోవాలె అని సంచిల కాయితమే సూస్తది. నువ్వు బోర్డు మీద మార్చినవు. ఆ పిల్లకు ఎవరు చెప్పాలె?"

"నేనే చెప్పాలె."

"నేను చెప్పలే."

కొత్త ప్రాసెసర్ వేగం అంతా అందులోనే ఉందట. దానికి తన దగ్గరే చిన్న క్యాష్ మెమరీ ఉంటుంది. ఒకసారి చదివినదాని నకలు అందులో దాచుకుని, మళ్లీ అడిగితే పెద్ద మెమరీ దాకా పోకుండా ఆ నకలే చూపిస్తుంది. తీగ నుంచి అంకెలు అందుకునే చిప్పు వేరు. అది వచ్చిన అంకెను నేరుగా పెద్ద మెమరీలో పెట్టేసి "వచ్చింది" అని ప్రాసెసర్‌కు సైగ చేస్తుంది. ప్రాసెసర్ చదువుతుంది, కానీ తన దగ్గరున్న పాత నకలును. పాత ప్రాసెసర్‌కు ఇలా దాచుకునే చోటే లేదు కాబట్టి పాత ప్రోగ్రాములో ఈ బాధ లేదు. కొత్తదానికి, చదివే ముందు "నీ దగ్గరున్నది పారెయ్, పోయి అసలు చోట చూసిరా" అని తీగను నడిపే ప్రోగ్రామే చెప్పాలి. తెర మీద రాయించినప్పుడు ప్రాసెసర్ ఆ పనికి చోటు కావాలని పాత నకళ్లు పారేసేది, అందుకే తప్పు మాయమయ్యేది. మామూలు రోజుల్లోనూ అంతే. అంకె అంకెకు మధ్య వేరే పనులు బోలెడు, నకలు తుడిచిపెట్టుకుపోయేది.

"మరి ఆ రోజెందుకు పోలేదు?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నీళ్లు తొందరగ ఎక్కినప్పుడు, ఎక్కినంక కొంతసేపు, అంకెలు గూడ తొందర తొందరగ పంపుమని నేనే రాసిన. వెంట వెంట వస్తుంటె నడుమ వేరే పని ఉండది. నకలు పోదు. వరద వచ్చిననాడే ఆగేటట్టు చేసిన దెబోరా. ఎండల మంచిగ నడిచేటట్టు చేసిన."

దిద్దడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. నకలు పారేయమని చెబితే అంకె బాగైంది కానీ గంట మోగడం ఆగిపోయింది. అంకె, గంట లెక్క రెండూ మెమరీలో పక్కపక్కన ఒకే పలక మీద ఉన్నాయట. పలక తుడిస్తే పక్కన అప్పుడే రాసిన లెక్కా పోయింది. అంకెకు వేరే పలక ఇచ్చాడు. తర్వాత ఎంత గుంజినా, ఎలా గుంజినా, అద్దంలో అంకె బంతి వెంటే పోయింది. పని ముగిసిన రోజు ఆయన సంతోషిస్తాడనుకున్నాను. చొక్కా వేసుకుని రావుగారింటికి వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు. ధైర్యానికి కావచ్చు.

రావుగారు అంతా విన్నారు. ఆయన చెడ్డమనిషి కారు.

"దిద్దినవు గద. పెట్టేసి రా. ఇప్పుడు నువ్వు పోయి తప్పు మాదే అంటే మన డబ్బ ఎవడన్న కొంటడా దేవసహాయం? పదిమంది పొట్ట మీద కొడ్తవా? ఆ భూమన్నకు నేను ఏదన్న పని ఇప్పిస్త, నాది జిమ్మా."

"పని గాదు సార్. ఆయన నిద్రపోలే అన్న మాట ఇయ్యాలె. అది మీరు ఇయ్యలేరు, నేనే ఇయ్యాలె."

రావుగారు మీసం దువ్వుకున్నారు. "నిన్న మొన్న జెప్తె తిట్టేటోన్ని. ఇప్పుడు తిడ్దామంటె టీచరమ్మ ఉన్నది" అని, "జీపు తీస్కపో" అన్నారు.

దసరా సెలవుల్లో నేనూ వెంట వెళ్లాను. భూమన్న ఇంటి ముందు తాళ్లు పేనుతూ కూర్చున్నాడు. కొమురవ్వ మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయింది, రమ్మనలేదు. మా ఆయన నిలబడే చెప్పాడు. తప్పు డబ్బాదని, డబ్బా తప్పు తనదని, నువ్వు నిద్రపోలేదని.

భూమన్న తాళ్లు పక్కన పెట్టాడు. "మీరు దొడ్డ మనుషులు సారూ. నన్ను బచాయించాలని జెప్తుండ్రు. కని నాకు కునుకు పట్టింది."

"పట్టలే భూమన్నా. అంకె నాలుగు మీదనే ఆగింది."

"లే సారూ. మొదట్ల నేను గూడ నిద్రవోలే నిద్రవోలే అన్న. అందరు పోయినవనే అన్నరు. రాయమల్లు అన్నడు, కంట్రాక్టరు అన్నడు, ఇంట్ల ఇది గూడ అన్నది. ఇప్పుడు యాది జేసుకుంటె నాకు గట్లనే కొడ్తుంది. గోడకు ఆనుకున్న, కండ్లు మూత పడ్డయి. కల్లు గూడ తాగినట్టే యాదికొస్తుంది."

మా ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పని పోయిన మనిషికి పని ఇప్పించవచ్చు. తన కళ్లతో తాను చూసినదాన్నే పోగొట్టుకున్న మనిషికి ఏమిస్తాడు? జీపులో వచ్చేటప్పుడు భూమన్న తిడతాడనే భయపడ్డాడు, ఇది అనుకోలేదు.

లేచి, "రాయమల్లును, కంట్రాక్టరును, ఊరోళ్లను వంతెన కాడికి పిలువు. నువ్వు గూడ రా" అన్నాడు.

ఎగువ డబ్బాను విప్పి తెచ్చి, అంకెల గీతలున్న బద్దతో పాటు వంతెన గోడ మీద పెట్టాడు. దిద్దిన ప్రోగ్రాము కాదు, వంతెన డబ్బాలో వరద నాటి పాత ప్రోగ్రామే ఉంచాడు. ఊరు సగం వచ్చింది. రాయమల్లును మంచం మీద మోసుకొచ్చారు. "ఏం తమాష జేస్తవు, చెయ్యి" అన్నాడతను. మా ఆయన బంతిని మెల్లగా ఎత్తాడు. నాలుగు, అయిదు, ఆరు, గంట మోగింది. "మంచిగనే ఉన్నది గద" అని ఎవరో నవ్వారు. దించి మళ్లీ నాలుగు దగ్గర పెట్టాడు. ఈసారి ఒక్కసారిగా పైకి లాగి, చెయ్యి తల మీదికి ఎత్తి అలాగే పట్టుకున్నాడు. బంతి తొమ్మిది దగ్గర. అద్దంలో నాలుగు.

జనం ముందుకు జరిగారు. అద్దంలో నాలుగు, నాలుగే.

భూమన్న అద్దం దగ్గరికి పోయాడు. మొహం దానికి ఆనేంత దగ్గరగా పోయాడు. "గిదే" అన్నాడు. మళ్లీ గట్టిగా, "గిదే! నేను సూసింది గిదే నాలుగు! వాగు మొత్తుకుంటుంటె నేను దీన్నే సూసుకుంట నిలబడ్డ! నిలబడ్డ నేను, కూసోలే! ఓ రాయమల్లూ, నిలబడ్డనే నేను!"

రాయమల్లు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అటే చూస్తూ, "నిలబడ్డవు తియ్. నా ఎడ్లు గూడ నిలబడితె బాగుండు" అన్నాడు.

భూమన్న మా ఆయన వైపు తిరిగాడు. దండం పెడతాడేమో అనుకున్నాను. రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు. "మరి నన్ను దిగొద్దని ఎందుకంటివి? రాయిని ముట్టొద్దని ఎందుకంటివి సారూ? వాగు సప్పుడు నా చెవులకు ఇనవడ్డది. నీ మాట ఇని దిగలే!"

"అవు, అన్న" అన్నాడు మా ఆయన. "అది గూడ నేనే అన్న." బంతి పట్టుకున్న చెయ్యి ఇంకా దించలేదు.

భూమన్నకు పని తిరిగి వచ్చింది. దిద్దిన డబ్బాలు పెట్టారు. రావుగారి వర్క్‌షాపుకు ఆ ఏడాది కొత్త పని ఏదీ రాలేదు. మెల్లగా మోటారు స్టార్టర్లతోనే నిలదొక్కుకుంది. రావుగారు మా ఆయనను ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా ఈయన మోశాడు. డబ్బా సరిగ్గా నడుస్తోందని ఎవరు చెప్పినా, వానాకాలంలో ముసురు పట్టిందంటే బస్సెక్కి రేగుల్‌గూడ పోయేవాడు. భూమన్న ఆయనతో మాట్లాడేవాడు కాదట మొదట్లో. మెట్లు దిగి, రాయి తడిమి, పైకొచ్చి, అంకె చూసి గేటు దించేవాడు. తర్వాత ఒకసారి కిందినుంచే, "సారూ, నిలబడి సూసుడేంది, మీరు గూడ వచ్చి ముట్టుండ్రి" అని పిలిచాడట. ఆ ఒక్క మాట చెప్పడానికి ఇంటికి రాగానే తడి బట్టలతో నన్ను వంటింట్లో వెతుక్కున్నాడు. ఆయన మొహం కాస్త తేటపడటం నేను చూసింది ఆ రోజే. రాయమల్లు ఇంటికి మాత్రం ప్రతిసారీ పోయేవాడు, ప్రతిసారీ గడప బయటినుంచే తిరిగొచ్చేవాడు. ఆ ఇంటి కొట్టం ఖాళీగా ఉందని ఒకసారి చెప్పాడు. ఇంకోసారి చెప్పలేదు.

తొంభైతొమ్మిది జనవరిలో గుండె ఆగి పోయాడు, బల్ల దగ్గర కూర్చునే. పెట్టెను సమాధుల తోటకు తీసుకెళ్లడానికి సిద్ధం చేశారు. పాస్టరు గారు ప్రార్థన ముగించారు. మూత వేస్తున్నారు. వాకిట్లో ఏదో గొడవ. దుమ్ముకొట్టుకున్న మనిషిని మా వాళ్లు ఆపుతున్నారు. "అయిపోయింది పెద్దాయనా, ఇప్పుడు చూసేదేం లేదు, మేం చెప్తున్నం గద" అంటున్నారు.

"మీరు జెప్తె ఇనడానికి రాలే" అంటున్నాడు భూమన్న. "జర జరుగుండ్రి. నేను ముట్టి సూసుకుంట."

మూత తియ్యమని నేను చెప్పాను. అతను వంగి ఆయన చేతి మీద అరచెయ్యి ఆనించి కొంతసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఆ అరచేతిని కళ్లకద్దుకున్నాడు.